తడిసిన పెట్టకు ఒడే ఆసుపత్రి

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది పొడుగునా కురిసే వానంతా కలిపితే 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ కుదురుగా కురవదు. నెలల తరబడి మొహం చాటేసి, వచ్చిందంటే ఒక్క రాత్రిలో చెరువు కట్టలు తెంపుతుంది. 2009 సంగతే చూడండి. దేశమంతటికీ అది కరువు సంవత్సరం. సెప్టెంబర్ దాకా సీమ రైతు మబ్బు వైపే చూశాడు. అక్టోబర్ 2న, సరిగ్గా గాంధీ జయంతి నాడు, తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచేశాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. మంత్రాలయం మునిగింది. 2020 నవంబర్‌లో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడప వీధుల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడు నవంబర్ 19న, చాలా ఇళ్లలో ఇంకా పొయ్యి వెలగకముందే, చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ల మీద పడింది.

వరద వార్తల్లో మనుషులుంటారు, ఎనుములుంటాయి, గొర్రెలుంటాయి. కోళ్ల సంగతి చివరి వాక్యంలో వస్తుంది, వస్తే. చచ్చిన కోడికి ఇంతని పరిహారం విపత్తు సాయం నిబంధనల్లో ఉంది. చావకుండా తడిసి వణుకుతున్న కోడిని ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

సీమలో కోడిని పెంచేదే కూరకు కదా, దానికి ప్రథమ చికిత్స ఏందని అడిగేవాళ్లు ఉంటారు. సంగటిలోకి నాటుకోడి పులుసు లేనిదే పండగ కాదనుకునే ఊళ్లే ఇవి, కాదనను. అయినా ప్రతి ఇంట్లో కత్తికి దూరంగా ఉండే పెట్ట ఒకటి ఉంటుంది. ఏటా తప్పకుండా పిల్లల్ని లేపే పెట్ట, గద్ద నీడ పడితే రెక్కలు విప్పి ఎదురుపోయే పెట్ట, బడి నుంచి వచ్చిన పిల్లోడి వెనకాలే తిరిగే పెట్ట. చుట్టాలొచ్చినా దాని జోలికి పోరు. 'అది పాప కోడి' అంటే ఆ మాటకు ఇంట్లో తిరుగుండదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద పెరటి కోళ్లు 31.7 కోట్లని తేలింది. అంతకు ముందు లెక్క కంటే దాదాపు 46 శాతం ఎక్కువ. వాటి మంచీ చెడ్డా చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే ఈ కథనం ముందుగా వాళ్ల కోసం.

కూడబెట్టిన నీళ్లే గండం

వరద ఏళ్లకోసారి వస్తుంది. కోడి నీళ్లలో పడటం మాత్రం ఏ ఊళ్లోనైనా ఏ మధ్యాహ్నమైనా జరగొచ్చు. విచిత్రం ఏమంటే దానికి కారణం కరువే. కుళాయి ఎప్పుడొస్తుందో, బోరు ఎప్పుడు ఎండుతుందో తెలియని చోట నీళ్లు పట్టి దాచుకోవడం బతుకు అలవాటు. ఇంటి ముందు సంపు, దొడ్లో స్నానాల తొట్టి, గాటిపాట దగ్గర కుడితి తొట్టి, నీలం రంగు డ్రమ్ములు, చేలో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటి కుంట. కాలవ గట్టున మేసే కోస్తా కోడికి ఏదో ఒక ఒడ్డు దొరుకుతుంది. ఇక్కడ కడప బండలు నిలబెట్టి కట్టిన తొట్టి గోడలు నున్నగా, నిటారుగా ఉంటాయి. మే నెల ఎండకు దప్పికై అంచు మీదికి ఎగిరిన పెట్ట, నీళ్లు అడుక్కి ఉంటే వంగి వంగి లోపలికి జారిపోతుంది. మళ్లీ ఎక్కడానికి గోరు ఆనే చోటుండదు.

బాతుతో పోల్చి, పక్షే కదా ఈదుతుందిలే అనుకోవద్దు. తోక మొదట్లో నూనె ఊరే గ్రంథి కోడికీ ఉంది గానీ చిన్నది. దాంతో వానజల్లు ఆగుతుందేమో, మునక ఆగదు. పైఈకలు కాసేపు తేలుస్తాయి. ఆ తర్వాత లోపలి బూరు నీళ్లు పీలుస్తుంది, బరువెక్కుతుంది, కొట్టుకునే రెక్క అలిసిపోతుంది. కోడిపిల్లలకైతే తొట్టి కూడా అక్కర్లేదు. నీళ్లు పెట్టిన సొట్ట గిన్నె చాలు.

మనం చేతులారా తడిపేదీ ఒకటుంది. పొదుగు మీద కూర్చుని లేవని పెట్టను నీళ్లలో ముంచితే పొదుగు వదులుతుందని పాత పద్ధతి. ముంచినవాళ్లు పనిలో పడి మర్చిపోతారు, పెట్ట నీడలో వణుకుతూ కూర్చుంటుంది. పొదుగు మాన్పించాలంటే గుడ్లు, గడ్డి లేకుండా, కింద నుంచి గాలి ఆడే పంజరంలో వెలుతురు ఉన్నచోట కొద్దిరోజులు ఉంచితే సరిపోతుంది. ముంచడం అక్కర్లేదు.

మొదటి పది నిమిషాలు

కోడి ఒళ్లు మనకంటే వేడి. మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మనకైతే అది ఆసుపత్రికి పరుగెత్తించే జ్వరం. ఆ వేడిని పట్టి ఉంచేది ఈకల మధ్య నిలిచిన గాలి. ఈక తడిసిందంటే ఆ గాలి పోయినట్టే. అందుకే నీళ్లలోంచి బతికి బయటపడ్డ కోడి, గంట తర్వాత గట్టు మీద చలికి చచ్చిపోతుంది. చూసినవాళ్లు 'నీళ్లు మింగింది' అంటారు. చాలాసార్లు చంపింది చలే.

ఎత్తేటప్పుడు రెండు రెక్కలూ ఒంటికి ఆనేలా రెండు చేతుల్తో ఎత్తాలి. ఒక రెక్కో ఒక కాలో పట్టి లాగితే కీలు తప్పుతుంది. ఎత్తగానే తల కొంచెం కిందికి వంచి, ముక్కులోంచి నోట్లోంచి కారేది కారనివ్వాలి. రెండు మూడు క్షణాలు చాలు. కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఆడించడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన మొదటి వైద్యం, మానుకోవాల్సిన వైద్యం కూడా. కోడికి మెడ కింద మేత నిలిచే తిత్తి ఉంటుంది. తలకిందులు చేస్తే అందులోని నీళ్లూ గింజలూ నోట్లోకి తన్నుకొస్తాయి, అక్కణ్నుంచి ఊపిరి గొట్టంలోకి పోతాయి.

రొమ్మును గట్టిగా పట్టుకోవద్దు. మనకు రొమ్ముకూ కడుపుకూ మధ్య ఉండే కండర తెర కోడికి లేదు. రొమ్ము ఎముక కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. ఏడుస్తున్న పిల్లలు కోడిని ఎదకు గట్టిగా హత్తుకుంటారు చూడండి, ఆ ప్రేమకే ఊపిరి ఆగిపోవచ్చు. నోట్లో నోరు పెట్టి ఊదడం అసలే వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలతో పాటు కర్నూలు నగరంలోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. కోడిని ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోవడం ఎప్పుడూ ఉండాల్సిన అలవాటు.

తర్వాత తుడవడం. పాత నూలు పంచె, తువ్వాలు, ఉతికిన చీర ముక్క ఏదైనా సరే. రుద్దకుండా అద్దాలి. రుద్దితే తడిసిన ఈకలు విరుగుతాయి, చర్మం గీరుకుంటుంది. మెడ నుంచి తోక వైపుగా, ఈక వాలు చూసుకుని అద్దుతూ, గుడ్డ తడవగానే మార్చాలి. రెక్కల కింద, తొడల మధ్య బూరులో నీళ్లు దాక్కుంటాయి. అక్కడ ఎక్కువసేపు అద్దాలి. హెయిర్ డ్రయర్ ఉంటే తక్కువ వేడి మీద, మధ్యలో మీ అరచెయ్యి అడ్డం పెట్టి ఆడించండి. మీ చెయ్యి కాలితే దానికీ కాలుతుంది.

ఇక వెచ్చగా ఉంచడం. ఇక్కడ కాలం తెచ్చిన చిక్కు ఒకటుంది. మన అవ్వలు అట్టపెట్టెలో కోడిపిల్లల్ని పెట్టి పైన 60 వాట్ల పసుపు బల్బు వేలాడదీసేవాళ్లు. ఇప్పుడు ఇంటింటా ఎల్ఈడీ. వెలుగుంటుంది, వేడి ఉండదు. ఆ బల్బు కింద తడి కోడిని పెట్టి తెల్లారేదాకా కాపాడామనుకునేవాళ్లు ఉన్నారు. వరద రోజుల్లో అసలు కరెంటే ఉండదు. అప్పుడు పనికొచ్చేది వేడినీళ్లు పోసి మూత బిగించిన సీసా. గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టాలి. పొయ్యి దగ్గర వేడెక్కిన ఇటుకను గోనెలో చుట్టినా అంతే. పెట్టె మొత్తం వేడి చెయ్యొద్దు. ఒక సగం వెచ్చగా, ఒక సగం మామూలుగా ఉంటే, తేరుకున్న కోడి తనకు కావలసిన చోటికి జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని గుర్తు. పెద్దకోడికి పెట్టెలో 30 డిగ్రీలు చాలు, వారంలోపు పిల్లకు 35 దాకా కావాలి. ఇవేవీ దొరకనప్పుడు మనిషి ఒడి ఉంది. పొడి గుడ్డలో వదులుగా చుట్టి, తల బయటికి ఉంచి, ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే. కట్టెల పొయ్యి పక్కన మాత్రం పొగలో పెట్టొద్దు. కోడి ఊపిరితిత్తులు పొగకు తట్టుకోలేవు.

పెట్టె మీద గుడ్డ కప్పండి, గాలికి సందు వదలండి. చీకట్లో కోడి నెమ్మదిస్తుంది. పదినిమిషాలకోసారి మూత తీసి 'ఎట్లుందమ్మా' అని చూసే జనమే దాని గుండెకు పెద్ద బరువు. ఇరుగుపొరుగును పంపించేయండి.

తాగించొద్దు, తాగనివ్వండి

నీళ్లలో పడి వచ్చిన కోడికి ఎవరో ఒకరు గ్లాసు తెచ్చి నీళ్లు పోస్తారు. కొందరు పాలు, కొందరు బ్రాందీ చుక్కలు. కోడి నోరు తెరిచి చూడండి. నాలుక వెనకే ఊపిరి గొట్టం బెజ్జం కనిపిస్తుంది. దాన్ని మూసే మూత మనకున్నట్టు దానికి లేదు. సోలిపోతున్న కోడి నోట్లో పోసిన నీళ్లు నేరుగా అందులోకే దిగొచ్చు. తల నిలబెట్టి, కళ్లు తెరిచి, చుట్టూ చూడటం మొదలెట్టాకే నీళ్ల మాట. గోరువెచ్చని నీళ్లు లోతులేని గిన్నెలో పోసి, ముక్కు కొన మాత్రం తడపండి. కావాలంటే అదే తాగుతుంది. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే ఇంకా మంచిది. ఓఆర్ఎస్ పొట్లం ఉంటే అదీ పనికొస్తుంది. మేత ఒళ్లు వెచ్చబడిన తర్వాతే. మెత్తగా పిసికిన అన్నం, సంగటి ముద్దలో చిటికెడు చాలు. చల్లబడిన ఒంట్లో గింజ అరగదు, తిత్తిలోనే పులుస్తుంది.

మరునాడు లేచి తిరిగితే గండం గడిచిందనుకోవద్దు. రెండు మూడు రోజులు దాని ఊపిరి వినండి. గురక, దగ్గు, ఊపిరికోసారి తోక ఎగరడం, జుట్టు నీలి రంగుకు తిరగడం కనిపిస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినట్టే. అది డాక్టరు పని, ఇంటి వైద్యానికి లొంగదు. అసలు ఊపిరే ఆగిన కోడిని ఇంట్లో లేపడం కూడా చాలా అరుదు. అది మీ చేతగానితనం కాదు.

కుక్క నోట్లోంచి వచ్చినప్పుడు

సీమలో కోడికి గాయమంటే ముందు వీధికుక్క, తర్వాత ముంగిస, పిల్లి, గద్ద, రోడ్డు మీద బైకు. కిలోన్నర పెట్ట ఒంట్లో రక్తమంతా కలిపి 100 మిల్లీలీటర్ల చుట్టూ. చిన్న టీ గ్లాసెడు. నేల మీద కనిపించే నాలుగు చుక్కలు మనకు లెక్కలేనివి కావచ్చు, దానికి లెక్కే. జుట్టు పాలిపోయిందంటే రక్తం బాగా పోయిందని అర్థం. శుభ్రమైన గుడ్డతో గాయం మీద అయిదు నిమిషాలు అదిమి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు, గడ్డకట్టింది ఊడిపోతుంది. గోరు విరిగి కారుతుంటే చిటికెడు మైదా అద్ది అదమండి.

కుక్క పంటి గాటు పైకి సూది బెజ్జమంత కనిపిస్తుంది, లోపల కండ చీలి ఉంటుంది. ఈకలు పాయలు తీసి, నోటితో ఊదకుండా వేళ్లతోనే విడదీసి, ఒళ్లంతా వెతకాలి. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో చెంచా ఉప్పు వేసి ధారగా కడగండి. ఆ తర్వాత పొవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి రాయండి. పసుపు పెట్టడం మన చేతికి వచ్చిన అలవాటు. పైపై గీతకు పరవాలేదు. లోతు గాయంలో పొడి కూరితే లోపల చీము మూసుకుపోతుంది, కడగడానికీ అడ్డం. కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్, సున్నం, స్పిరిట్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు. కుక్క, పిల్లి నోట్లో ఉండే సూక్ష్మజీవులు కోడి రక్తంలోకి తొందరగా పోతాయి. గాయం చిన్నదని ఊరుకోకుండా అదే రోజు పశువుల డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో మిగిలిన నొప్పి మాత్ర ముక్క విరిచి వేసేవాళ్లకు ఒక మాట. ఎనుములకూ ఆవులకూ వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి, దేశంలో రాబందులను దాదాపు తుడిచిపెట్టింది. ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది 2006లో. పక్షి ఒళ్లు మన మందులను మనలాగా తీసుకోదు. మాత్ర లోపల పెట్టేయండి.

గాయపడ్డ కోడిని మందలో వదలొద్దు. ఎర్రగా కనిపించిన చోట మిగతావి పొడుస్తాయి, పొడిచి పొడిచి చంపుతాయి. గంప కింద మూసి, తోటివి కనిపించేలా ఉంచితే బెంగ పెట్టుకోదు, మళ్లీ కలిపినప్పుడు కొట్లాటా తగ్గుతుంది. మన ఎండకు ఈగలు గాయంలో గుడ్లు పెట్టడానికి ఒక్క పూట చాలు. గంప మీద దోమతెర కప్పండి.

కాలు విరిగితే రెండు ఐస్‌క్రీం పుల్లలు, దూది, మెత్తటి పట్టీ. విరిగిన చోటికి పైనా కిందా కలిపి కట్టాలి, వేళ్లు చల్లబడకుండా వాయకుండా చూసుకోవాలి. చిన్న ఎముక సరిగ్గా కుదిరితే మూడు వారాల్లో అతుకుతుంది. రెక్క వేలాడుతుంటే మడిచి ఒంటికి ఆనించి కట్టండి, రొమ్ము బిగియకుండా. ఎముక బయటికి కనిపించినా, పేగు బయటపడినా కట్టుకట్టే ప్రయత్నం చెయ్యొద్దు. తడి గుడ్డ కప్పి తీసుకుపోవడమే. అక్కడ డాక్టరు ఇక లాభం లేదంటే, బాధ లేకుండా వదిలించమని అడగడం కూడా దయే.

వడదెబ్బ తిన్న కోడి సంగతి తడిసిన కోడికి తలకిందులు. 45 డిగ్రీల ఎండలో రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతున్న కోడిని నీడకు చేర్చి, కాళ్లకూ జుట్టుకూ మామూలు నీళ్లు తడపాలి. బకెట్లో ముంచొద్దు, ఐసు వద్దు.

వరద తీసిన తర్వాత

నీళ్లు తీసిన ఊళ్లో ఇంకో ప్రమాదం బస్తాల్లో ఉంటుంది. తడిసి బూజు పట్టిన శనక్కాయలు, మొక్కజొన్నలు మనిషి తినడానికి పనికిరావని కోళ్లకు చల్లేస్తాం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఏమిటో తెలియని జబ్బుతో చచ్చాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు తేలింది. అఫ్లాటాక్సిన్ అనే విషానికి పేరు పెట్టింది ఆ చావుల తర్వాతే. వేరుశనగ మన పంట, ఆ బూజూ మన ఇంటిదే. తడిసిన కాయ కోడికి కూడా పెట్టొద్దు. ఎండిన తర్వాత కూడా విషం పోదు.

గూట్లో తడి మట్టి, తడి పొట్టు తీసేసి ఎండబెట్టండి. లేకపోతే రక్తపారుడు పట్టుకుంటుంది. రోజూ ఒకటో రెండో కోళ్లు దెబ్బ లేకుండా సోలిపోతున్నా, మెడలు తిప్పుతున్నా, అది గాయం కాదు, కొక్కెర తెగులో మరొకటో. అలాంటప్పుడు ప్రథమ చికిత్స పక్కన పెట్టి పశువైద్యశాలకు కబురు పెట్టాలి. చచ్చినదాన్ని కొయ్యకుండా లోతుగా పూడ్చాలి. నీళ్లలో పడి చచ్చినా అంతే, కూరకు వద్దు.

కడప జిల్లావాళ్లకు ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. 2022 మే నెలలో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాలకు పిలుపు నంబర్ 1962, ఉచితం. కోడికోసం ఫోన్ చేస్తే నవ్వుతారేమోనని మొహమాటపడొద్దు.

నవంబర్ తుపాన్లు రాకముందే మూడు పనులు చేసి పెట్టుకోండి. ప్రతి తొట్టిలో, ప్రతి కుంటలో అడుగు నుంచి అంచుదాకా వాలుగా ఒక గరుకు చెక్క వేయండి. కోడిపిల్లల నీళ్ల గిన్నెలో గులకరాళ్లు పోయండి. వరద హెచ్చరిక వచ్చిన రాత్రి ఎనుముల పలుపులు విప్పేటప్పుడే కోడిగూటి గడియ కూడా తియ్యండి, లేదా గంపతో సహా మిద్దె మీదికి ఎక్కించండి. చీకటి పడితే కోడికి కళ్లు సరిగా కనిపించవు. మూసిన గూట్లోకి నీళ్లొస్తే అది తప్పించుకోలేదు.